హనుమక్క గొంతు

నిన్న పొద్దున నేను ల్యాబు తలుపు తీస్తుంటే ఎదురింటావిడ గడపలో కూర్చుని సబ్బసిగ ఆకు తుంచుతోంది. మీలో కొందరు దాన్ని సోయికూర అంటారు. బళ్లారిలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మేము కూడా కన్నడం వాళ్ల మాటే వాడేస్తాం. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. మా అమ్మకు ఆ వాసన అసలు పడదు. నాకు మాత్రం అది తగిలితే ఒక మనిషి వచ్చి పక్కన నిలబడినట్టే. నెత్తిన గంప, నడుముకు దోపిన కొంగు, నుదుటిన పెద్ద కుంకుమ బొట్టు, బొట్టు కంటే పెద్ద నోరు. ఆమె పేరు హనుమక్క. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఒక్కసారి ఆమె కేక విని ఉంటే మాత్రం ఈపాటికి ఎవరి గురించి చెబుతున్నానో మీకే తెలిసిపోయేది.

కౌల్ బజారులో మా సందు ఎంత ఇరుకంటే, రెండు ఆటోలు ఎదురైతే డ్రైవర్లిద్దరూ తిట్టుకోవడం ముగిసేదాకా ఎవరూ కదలలేరు. ఆ హారన్ల మధ్య, దుకాణాల అరుపుల మధ్య రోజూ ఎనిమిదింటికి హనుమక్క కేక వచ్చేది. "ఆకుకూరమ్మో! సొప్పో! భాజీ లేలో!" సందులో తెలుగువాళ్లకు ఒకటి, కన్నడిగులకు ఒకటి, సాయిబుల ఇళ్లకు ఒకటి, మూడూ ఒకే ఊపిరిలో. చివరి మాటను పైకి లేపి మిద్దె మీదికి విసిరేది. మూడో అంతస్తు వాళ్లు ఆ కేక వినగానే తాడు కట్టిన బుట్టను కిందికి దించేవాళ్లు. ఆమె సొంతూరు ఎమ్మిగనూరు. పెళ్లయ్యాక బళ్లారి వచ్చింది. భర్త పోయాక గంప ఎత్తుకుంది. కూతురిని తన సొంతూళ్లోనే ఇచ్చి పెళ్లి చేసింది. కొడుకు ఎర్రిస్వామి దోణిమలై గనిలో పనిచేస్తూ అక్కడే ఉండేవాడు. పెళ్లాన్నీ పిల్లవాణ్నీ మాత్రం తల్లి దగ్గరే ఉంచాడు. ఆ ఇల్లు నిలబడింది ఆమె గొంతు మీదే అంటే అబద్ధం కాదు.

అప్పుడు నాకు పాతికేళ్లు. ఊళ్లోని ఒక చిన్న ల్యాబులో కొత్తగా చేరాను. రిపోర్టులు టైపు చేసి, కవర్లో పెట్టి, పేరు పిలిచి ఇవ్వడం నా పని. తెల్ల కోటు వేసుకున్న పది రోజులకే నేను సగం డాక్టరునని నాకు గట్టి నమ్మకం కలిగింది. మా అమ్మకు తలనొప్పి వస్తే నాలుగు పరీక్షలు రాసిచ్చేదాన్ని. పాపం ఆమె శొంఠి రాసుకుని పడుకునేది.

హనుమక్క మెడకు కుడిపక్కన, గొంతు గుంటకు కాస్త పైన, పెద్ద ఉసిరికాయంత ఉబ్బు ఉండేది. అందరికీ తెలుసు, అందరూ చూశారు, ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే మా బజారులో దానికి ఒక లెక్క ఉంది. బస్తాలు మోసే హమాలీకి భుజం మీద కాయ కాస్తుంది, గంప మోసే ఆడదానికి మెడలో కాస్తుంది. కూరల మార్కెట్లో ఎవరినడిగినా ఇదే చెప్పేవాళ్లు. హనుమక్కకైతే అది కాస్త గర్వం కూడా. కొత్తగా గంప ఎత్తుకున్న ఆడవాళ్లకు వేలితో చూపించి, "ముప్పై ఏండ్ల గంప. ఊరికే వస్తాదా?" అనేది. వైద్యం కూడా తనే కనిపెట్టింది. నెత్తిన పెట్టుకునే చుట్టకుదురును పాత చీరతో కాక దూదితో మెత్తగా కుట్టించుకుంది. బరువు మెత్తగా పడితే కాయ తనంతట తనే కరిగిపోతుందని ఆమె నమ్మకం.

ఒక ఎండాకాలం పొద్దున గంప మా అరుగు మీద దించి నీళ్లడిగింది. చెంబు ఇచ్చాను. మావైపు చెంబుకు మూతి తగిలించి తాగరు, ఎంగిలవుతుంది. తల బాగా వెనక్కి వాల్చి, చెంబు పైకెత్తి నోట్లోకి ధార పోసుకుంటారు. హనుమక్క అలా తల వాల్చగానే మెడంతా నా కళ్లముందు విచ్చుకుంది. గుటక వేసినప్పుడల్లా ఆ ఉబ్బు పైకి లేచి మళ్లీ కిందికి దిగుతోంది. ఆ వారమే మా స్కానింగు డాక్టరు ఎవరికో చెబుతుంటే విన్నాను: కండరంలో వచ్చిన ఉబ్బు గుటకతో కదలదు, థైరాయిడ్ గ్రంథిలో వచ్చింది గుటకతో పాటు లేస్తుంది.

"అక్కా, ఇంకో చెంబు తాగు."

"సాలు పాపా."

"నాకోసం తాగక్కా."

"యప్పా! నా కడుపేమన్నా బావి అనుకున్న్యావా?" అంటూనే తాగింది. మూడో చెంబుకు ఆమెకు కోపం వచ్చింది. "ఏందట్ల నా మెడకాయనే మింగేటట్ల సూస్తాండావు?"

చెప్పాను. అది గంప వల్ల వచ్చింది కాదేమో, ఒక్కసారి వచ్చి చూపించుకో అన్నాను. "నువ్వు పుట్టకముందు నించి గంప మోస్తాండా. నాకే చెప్పొస్తాండావా?" అని నవ్వి వెళ్లిపోయింది. నేను వదల్లేదు. రోజూ అరుగు మీద నిలబడి అదే పాట పాడాను. చివరికి నా పోరు పడలేకే వచ్చింది. స్కాన్ అయింది. గడ్డలోంచి సన్నటి సూదితో కాస్త తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజులకు ఆ రిపోర్టు టైపు చేసే పని నాకే పడింది. థైరాయిడ్ క్యాన్సర్. అందులో పాపిల్లరీ అనే రకం. ఆ మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుని టైపు చేశాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. మన దగ్గర ఒక ఆచారం ఉంది. జబ్బు ఒకరికి వస్తుంది, దాని పేరు ఇంకొకరికి చెబుతాం. నేనూ అదే చేశాను. ఎర్రిస్వామికి ఫోన్ చేశాను. "మాయమ్మకు చెప్పొద్దు మేడం. ఆ పేరు ఇంటే ఆడే గుండె ఆగిపోతాది. గడ్డ అని చెప్పండి, సాలు," అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పే పని తప్పిందని సంతోషపడ్డాను. సాయంత్రం ఆమె వస్తే కవరు చేతిలో పెట్టి, నవ్వు తెచ్చిపెట్టుకుని, "ఉత్త గడ్డే అక్కా, తీసేస్తే సరిపోతుంది," అన్నాను.

ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కొడుకు అక్కడా ముందే ఫోన్ చేసి బతిమాలుకున్నాడు కాబట్టి ఆయనా గడ్డ అనే అన్నాడు. ఒక్క విషయం మాత్రం దాచలేదు. "అమ్మా, గొంతు పలికించే నరాలు ఈ గ్రంథిని ఆనుకునే పోతాయి. జాగ్రత్తగానే చేస్తాం. అయినా కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు. అరుదుగా కొందరికి మునుపటి గొంతు రాకపోవచ్చు." హనుమక్క దండం పెట్టి లేచింది. బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి నాతో అన్నది. "ఉత్త గడ్డకి సుమ్నె, ఊరికే నా గొంతు ఎందుకు కోపిచ్చుకోవాల? ఉండనీ దాన్ని. నొప్పి ల్యా, ఏమీ ల్యా. ఇన్నేండ్లు ఉండాది, ఇంకిన్నేండ్లు ఉంటాది."

ఆమె మాటలో తప్పేముంది? మేం చెప్పిన అబద్ధాన్ని నమ్మిన మనిషి చేయాల్సిన పనే ఆమె చేసింది. మర్నాటి నుంచి మళ్లీ గంప, మళ్లీ కేక. రెండు నెలలు గడిచాయి. ఎనిమిది కొట్టేసరికి ఆ కేక వినపడకూడదని మిక్సీ వేసుకునేదాన్ని. ఖాళీ మిక్సీ ఎందుకే తిప్పుతున్నావని మా అమ్మ అడిగింది. ఆ పూటే నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం మా ల్యాబు ఖాళీగా ఉంటుంది. హనుమక్క మిగిలిన కట్టలతో ఆ దారినే వెళుతుంటే లోపలికి పిలిచాను. బెంచీ మీద కూర్చుంది. గంప పక్కన పెట్టుకుంది. నేను, "భయపడొద్దు అక్కా," అని మొదలుపెట్టాను. మళ్లీ, "భయపడాల్సిందేం లేదు," అన్నాను. మూడోసారి కూడా నోట్లోంచి భయమే వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"భయం నాది పాపా. దాన్ని నేను సూసుకుంటా. నువ్వు ఏముందో అది చెప్పు. పేరు చెప్పు."

"క్యాన్సర్."

ఆమె గంపలోని చిన్న డబ్బా తీసి, మిగిలిన కట్టల మీద ఒక్కొక్కదానికీ నీళ్లు చల్లింది. అన్నీ చల్లి, డబ్బా మూత పెట్టి, అప్పుడు నావైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. "రెండు నెల్లు! నువ్వూ నా కొడుకూ కలిసి నన్ను సిన్నపిల్లను సేస్తిరి కదా! సొప్పు వాడిపోయిందా బాగుందా అని నేను కొనేవాళ్ల మొగం సూసి చెప్తా. అట్లాంటిదాన్ని, నా మెడలో ఏముందో నాకు చెప్పేదానికి మీకు నోరు రాలేదా?" నేను తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఇది యాడ పుట్టింది? గంప వల్ల వచ్చిందా కాదా? పక్కకు పాకుతాదా? నా మనవడికి అంటుకుంటాదా? నేను సస్తానా? ఎప్పుడు? నేను సగం డాక్టరునని చెప్పాను కదా. ఆరు ప్రశ్నల్లో నాకు తెలిసినవి రెండు. అంటుకోదు, గంప వల్ల రాదు. మిగతా వాటికి మర్నాడు డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఈసారి ఆమె కుర్చీని ముందుకు జరుపుకుని కూర్చుంది. "సామీ, ఈ పాప అంతా చెప్పేసింది. మత్తె, ఇంక మీరు బొమ్మ గీసి చెప్పండి. నాకు సదువు ల్యా, బుద్ధి ఉండాది."

ఆయన నవ్వి కాగితం మీద గీశాడు. శ్వాసనాళం మీద రెక్కలు చాచి కూర్చున్న సీతాకోకచిలుక లాంటి గ్రంథి. కుడి రెక్కలో గడ్డ. ఒళ్లంతా ఎంత చురుగ్గా నడవాలో చెప్పే రసం ఈ గ్రంథిలోంచే వస్తుందని, గడ్డలు చాలామందికి ఉంటాయని, వాటిలో ఎక్కువ వాటికి ప్రమాదం ఉండదని, ఈమెది మాత్రం ఊరుకోకూడనిదని చెప్పాడు. ఈ రకం నిదానంగా పెరుగుతుందట. మెడలోని గ్రంథులకు పాకవచ్చు. వేళకు తీసేస్తే చాలామంది నిండా బతుకుతారు. అందరి సంగతీ చెప్పలేం, నీది తీసి చూశాక చెబుతానన్నాడు. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సీతాకోకచిలక అంట! ఇన్నేండ్లు నా గొంతులో కూకోని ఉండాది, నాకు ఒక మాట చెప్పలా."

బయటికొచ్చాక ఆ బొమ్మ కాగితం చేత్తో పట్టుకుని నాకంటే ముందు నడిచింది. నాకు అదే భయం, మళ్లీ వద్దంటుందేమోనని. మా సందు మొదట్లో ఆగి నా భుజం పట్టుకుంది. "గొంతు పోతే పోనీ పాపా. మనిషి ఉంటే ఏదో ఒక సప్పుడు సేస్తాది."

బళ్లారికి వచ్చిపోయే ఆ డాక్టరే బెంగళూరులోని తన ఆసుపత్రిలో ఆపరేషన్ చేశాడు. గ్రంథి మొత్తం తీసేశారు. స్పృహ వచ్చాక ఆమె నన్ను చూసి నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. డాక్టరు కొన్నాళ్లు పడుతుందన్నాడు. నేను బయట వరండాలోకెళ్లి ఏడ్చాను. ఆమె మాత్రం సైగలతోనే నర్సు చేత మెడ దిండు మూడుసార్లు మార్పించింది. కొన్ని వారాలకు అయోడిన్ మందు ఇచ్చారు. మెడలో ఇంకేమైనా మిగిలి ఉంటే దాన్ని వెతికి చంపే మందు అది. దానికి ముందు అయోడిన్ ఉండే ప్యాకెట్ ఉప్పు, పాలు, గుడ్డు మానాలి. తాగాక ఆ మందు తాలూకు కిరణాలు కొన్నాళ్లు ఒంట్లోంచి వస్తాయి కాబట్టి పిల్లలకూ గర్భిణులకూ దూరంగా, విడిగా ఒక గదిలో ఉండాలి.

విడిగా గదిలో, గ్లాసు వేరు, పళ్లెం వేరు, మనవడిని దగ్గరికి రానివ్వడం లేదు. మా సందు ఆడవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అమ్మవారు పోసిందని తేల్చేశారు. నేను వెళ్లేసరికి ఆమె గుమ్మానికి వేపమండలు కట్టి, గడపకు పసుపు రాసి, పెరుగన్నం ముంత పెట్టి దండాలు పెడుతున్నారు. లోపల కిటికీ దగ్గర హనుమక్క చేతులూపుతూ గొణుగుతోంది. ఆ గొణుగుడు కిటికీ దాటడం లేదు. నన్ను చూడగానే రెండు చేతులతో పిలిచింది. నేను దూరంగానే నిలబడి చెవి అటు పెట్టాను.

"చెప్పు వాళ్లకి," అంది గాలి గొంతుతో. "అమ్మవారు కాదని చెప్పు. పేరు పెట్టి చెప్పు. నేను సిగ్గుపడేదేం ల్యా."

నలుగురిలో మాట్లాడాలంటే నాకు చెమటలు పట్టేవి. ఆ రోజు మెట్టు మీద నిలబడి చెప్పాను. ఆమెకు వచ్చింది థైరాయిడ్ క్యాన్సర్ అని, అది అంటుకునేది కాదని, దూరంగా ఉంచింది మందు కోసమని, గంప బరువుకూ దీనికీ సంబంధం లేదని, గుటక వేస్తే కదిలే ఉబ్బు మీలో ఎవరికున్నా చూపించుకోవాలని. ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఒకావిడ వేపమండలు విప్పబోతే కిటికీలోంచి చెయ్యి వద్దని ఊగింది. "బేడ. ఉండనీ. గాలి సల్లగా వస్తాంది." నలుగురం పగలబడి నవ్వాం.

గొంతు తిరిగి వచ్చింది. కానీ మునుపటిది కాదు. మాట్లాడటానికి సరిపోయింది, పైకి లేవదు. మళ్లీ గంప ఎత్తుకున్న మొదటి రోజు ఆమె మా అరుగు ముందు నిలబడి, "ఆకుకూరమ్మో," అంది. ఆ కేక నాలుగు గుమ్మాలు కూడా దాటలేదు. ఆమె ముఖం చూడలేక నేను గంపలోకి చూశాను. అంతలో మా అమ్మ, సబ్బసిగ అంటేనే ముక్కు మూసుకునే మా అమ్మ, బయటికొచ్చి, "ఆకుకూరమ్మో! హనుమక్క వచ్చింది!" అని గట్టిగా అరిచింది. పక్కింటివాళ్లు "సొప్పో!" అన్నారు. ఆ పైన మిద్దె మీది సాయిబుల కోడలు "భాజీ!" అని అందుకుంది. అలా సందు చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది. ఆ రోజు నుంచి అదే వాడుక అయింది. హనుమక్క రాణిలా నడిచి వచ్చేది, కేకలు మావి. ఎవరైనా తక్కువ గొంతుతో అరిస్తే ఆగి, "అన్నం తినలేదా ఏంది?" అని అడిగేది.

తీసేసిన గ్రంథి రసానికి బదులుగా రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర, ఆ తర్వాత కాసేపు టీ తాగకూడదు. క్యాన్సర్‌ను తిట్టలేదు కానీ ఆ టీ ఆగడాన్ని మాత్రం నోరారా తిట్టేది. మార్కెట్లో గంపల ఆడవాళ్లను వరసగా నిలబెట్టి, తల వాల్పించి, చెంబుతో నీళ్లు పోయించి మెడలు చూసేది. ఇద్దరు ముగ్గురిని మా ల్యాబుకు తోలుకొచ్చింది కూడా. వాళ్ల గడ్డలు ప్రమాదం లేనివని తేలితే నాకంటే ఆమే ఎక్కువ సంబరపడింది.

కొన్నేళ్లకు, స్కానులో ఏమీ లేదని రిపోర్టు వచ్చిన ఒక రోజు, కవరు ఆమె ఒళ్లో పెట్టి పక్కన కూర్చున్నాను. ఎందుకో ఆ రోజు నోరు విప్పాలనిపించింది. అంతవరకూ ఎవరికీ చెప్పనిది చెప్పాను. నేను ల్యాబులో చేరకముందే మా నాన్న పోయారు. కాలేయంలో జబ్బు, చివరి దశ. నాకూ అమ్మకూ తెలుసు, ఆయనకు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నేను రిపోర్టు పట్టుకుని ఉంటే నాన్న, "ఏముందమ్మా అందులో?" అని అడిగారు. "ఏం లేదు నాన్నా," అన్నాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నిజం తెలియకుండానే పోయారు. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు, నీకు చెప్పడానికీ అందుకే రాలేదు అక్కా, అన్నాను.

హనుమక్క కవరును మడిచి కొంగులో దోపుకుంది. నా తల మీద చెయ్యి పెట్టింది.

"పిచ్చిదానా. మీ నాయనకు తెల్సు. నీకు కష్టమైతాదని మళ్లా అడగలా."

నాన్న పోయిన రోజు రాని ఏడుపు ఆ బెంచీ మీద వచ్చింది. ఆమె ఏడవొద్దని అనలేదు.

ఇప్పుడు హనుమక్క ఎమ్మిగనూరులో కూతురింట్లో హాయిగా ఉంది. ఫోన్ చేస్తే ముందు నన్ను తిడుతుంది, తర్వాత కుశలం అడుగుతుంది. నేను అదే ల్యాబులో రిపోర్టులు విడమరిచి చెప్పే పని చేస్తున్నాను. వెనక నిలబడి చెప్పొద్దని కళ్లతో సైగ చేసే కొడుకులూ భర్తలూ ఇప్పటికీ వస్తుంటారు. వాళ్లను బయట కూర్చోమంటాను. ఎదురుగా ఉన్న మనిషి కవరు వైపు చూసి, "ఏముందమ్మా?" అంటారు. ఆ అడిగేది ఎవరైనా సరే, నేను మా నాన్నకే జవాబు చెబుతాను.